చెవి మీద వేలు

మా ఇంటికి ఎదురుగా చిన్న మసీదు. దాన్ని ఆనుకుని ఖాదర్ బాషా పరుపుల అంగడి. మధ్యన రోడ్డు. ముత్తుకూరు సెంటరులో దారి ఇరుకైనప్పుడు కృష్ణపట్నం రేవుకు పోయే లారీలు ఈ వీధిలోకి మళ్ళుతాయి. అందుకని మా తిన్నె ఎన్నిసార్లు తుడిచినా నల్లటి నుసి మిగిలే ఉంటుంది. ఆ తిన్నె మీద కుర్చీ వేసుకుని చదువుకోవడం నాకు ఏళ్ళనాటి అలవాటు. పేజీలోంచి తలెత్తితే కనపడే మనిషి ఖాదర్ బాషా. నేను చదివిన పుస్తకాల్లో మనుషులు ఎందరో వచ్చారు, పోయారు. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు, నల్లటి రోడ్డు పక్కన, తెల్లటి దూది మధ్యన.

వాళ్ళది దూది ఏకే ఇల్లు. తండ్రి భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి, పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి ఇచ్చేవాడు. విల్లుకు బిగించిన నరం మీద కొయ్యతో కొడితే టంగుమని ఒక మోత లేస్తుంది. ఆ అదురుకు దూది పోగుపోగుగా విడిపోతుంది. ఖాదర్ బాషా చిన్నతనమంతా ఆ మోత వెనకాలే నడిచింది. తర్వాత విల్లులు పోయి మిషన్లు వచ్చాయి. ఆయనా ఒకటి కొన్నాడు. రేకుల షెడ్డులో ముళ్ళ చక్రం పక్కన పొద్దస్తమానం నిలబడేవాడు. ఆ రొదే ఆయన చెవులను తినేసింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఏ కొంచెమో మిగిలింది.

అయినా ఆ చెవుడు ఒక్క పనికి మాత్రం అడ్డం రాలేదు. రోజుకు ఐదు పూటలా మసీదులో నమాజుకు పిలిచే అజాన్ చెప్పేది ఆయనే. జీతం లేదు. ఎవరూ పిలిచి అప్పగించిందీ కాదు. అజాన్ చెప్పే వెనకటి మౌజన్ సాహెబు పోయిన రోజున, వేళ దాటిపోతున్నా ఎవరూ లేవకపోతే ఈయన లేచాడట. అప్పటినుంచి ఆయనదే అయిపోయింది. మైకు ముందు పడమటి వైపు తిరిగి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, చూపుడువేళ్ళు చెవులకు ఆనించి గొంతు విప్పేవాడు. చెవులకు వేళ్ళు ఆనించడం వాళ్ళ ఆచారం. మైకులు వచ్చాక కొంతమంది చేతులు కట్టుకునే చెప్పేస్తున్నారు. ఈయన మానలేదు.

"మైకుండాది గదా బాషా, ఇంకా చెవులు మూసుకునేదెందుకు?" అని ఒకసారి అడిగాను.

"మా నాయన నరం బిగించినాక విల్లును చెవి కాడ పెట్టుకొని చూసేవాడన్నా. నాకూ అంతే. వేలు పెట్టుకుంటే లోపల ఆ మోత వినపడతాది. దాని మీద గొంతు నిలబెడతా. లేకుంటే ఎక్కడికి పోతాదో నాకే తెలీదు," అన్నాడు.

వీధి మొగదల దోసెల అంగడి పెట్టుకున్న మహాలక్ష్మికి ఆ గొంతే గడియారం. పొద్దు వాలేటప్పుడు వచ్చే అసర్ పిలుపు వినపడితే పిండి కలిపేది. పొద్దు కుంకినాక వచ్చే పిలుపుకు పొయ్యి వెలిగించేది. గోడకున్న గడియారం చూసి చేస్తే దోసె పెనానికి అంటుకుంటుందని ఆమె నమ్మకం.

ఆయన పాత చెవి మిషను నెల్లూరులో ఎవరో పెట్టిన శిబిరంలో ఇచ్చింది. చెవి వెనక కొక్కెంలా తగిలించుకునేది. దాని వీపున చిన్న బటన్. గోటితో నొక్కితే టిక్కుమనేది. దూది మిషను దగ్గరికి పోయేముందు ఒక టిక్కు. బయటికి వచ్చాక ఒక టిక్కు. ఆయన భార్య ముంతాజ్ బేగం గొంతు సవరించుకున్నప్పుడు కూడా ఒక టిక్కు.

"ఆ టిక్కు నాకు వినపడతాదయ్యో! చెవుడు నీకు, నాకు గాదు!" అని ఆమె అరిచేది. అప్పటికే మూసుకుని ఉండేవాడు కాబట్టి ఆయన నవ్వుతూ తల ఊపేవాడు.

ఆ బటన్ అంటే ఆయనకు ఇష్టం. "వేలికి తెలుస్తాదన్నా. తలుపు గడియ పడినట్టు. మూసినామా తెరిచినామా అని అనుమానం ఉండదు," అనేవాడు.

మా తావున సముద్రపు గాలి ఇనుమును బతకనివ్వదు. కిటికీ ఊచలు, సైకిలు చువ్వలు, తాళంకప్పలు అన్నీ దానికి ఆహారమే. బటన్ చుట్టూ ఉన్న వెంట్రుకవాసి సందులోంచి ఉప్పుగాలి చేరింది, చెమట చేరింది, దూది నుసి చేరింది. ముందు బిగుసుకుంది. గోరు విరిగేలా నొక్కితేగానీ పలికేది కాదు. చివరికి ఒక రోజు లోపలికి పోయింది, మళ్ళీ పైకి రాలేదు.

కొడుకు అర్మాన్ రేవులో కంపెనీ బస్సు నడుపుతాడు. తండ్రిని నెల్లూరు తీసుకుపోయి కొత్తది కొనిచ్చాడు. చిక్కుడు గింజంత ఉంది. చెవిలోనే ఇమిడిపోతుంది. బటన్ లేదు. అంగడిలో అమ్మాయి అదే గొప్పగా చెప్పిందట. సందుంటేనే గదా ఉప్పు చేరేది, దీనికి సందే లేదు, సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఇదే మేలు అని. పైన నున్నటి ముఖం. దానికి వేలు తగిలితే తెలుస్తుంది. ఎంత గట్టిగా అదిమామో కూడా తెలుస్తుంది. రెండుసార్లు తడితే శబ్దం పెరుగుతుంది. వేలు ఆనించి కాసేపు అదిమి ఉంచితే కుయ్యిమని సన్నగా మోగి నిద్రపోతుంది. మళ్ళీ అదిమితే లేస్తుంది.

ఇదంతా ఆమె చెప్పింది అర్మాన్‌కు. చెవిటివాడి పక్కన ఇంకొకరు ఉంటే లోకం ఆ ఇంకొకరితోనే మాట్లాడుతుంది. ఖాదర్ బాషా అద్దంలో తన చెవిని చూసుకుంటూ కూర్చున్నాడు. అర్మాన్‌కు డ్యూటీ వేళ దగ్గరపడుతోంది. ఇంటి ముందు తండ్రిని దించి, "పెరగాలంటే తట్టుకో నాయనా, రెండుసార్లు," అని వేలితో చూపించి వెళ్ళిపోయాడు. రెండో సంగతి చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా అతనికి చాలాకాలం గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం ఖాదర్ బాషా మా తిన్నె దగ్గరికి వచ్చాడు. ముఖం వెలుగుతోంది.

"అన్నా, నువ్వు పేజీ తిప్పు."

తిప్పాను.

"వినపడింది! ఇన్నాళ్ళూ నువ్వు గమ్మున చదువుతావనుకుంటి. ఇంత గోల చేస్తావా!"

ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

కాసేపటికి అసర్ వేళయింది. అజాన్‌లో మొదటి మాట ఎప్పటిలాగే లేచింది. రెండో మాటకు గొంతు ఉన్నట్టుండి పైకెగిరి అరుపైంది. తర్వాత అడుగుకు పడిపోయింది. మధ్యలో ఆగింది. మైకులో ఊపిరి మాత్రం వినపడుతూ ఉంది. చెప్పిందే మళ్ళీ చెప్పి, ఎట్లాగో ముగించాడు. నేను పుస్తకం మూసి చూస్తున్నాను. ఆయన మెట్లు దిగుతూ, వదులైన మిషనును వేలితో చెవిలోకి నెట్టుకుంటున్నాడు.

"ఏంది బాషన్నా!" మహాలక్ష్మి అంగడిలోంచే కేకేసింది. "ఈపొద్దు గొంతు మిద్దెక్కి దూకింది! నా పిండిగిన్నె చేతిలోంచి జారబోయింది!"

"కఫం పట్టింది లేమ్మా," అన్నాడు. ఆమె మాట ఆయనకు స్పష్టంగా వినపడింది. అదే ఆయన్ను ఇంకా భయపెట్టిందని తర్వాత తెలిసింది.

పొద్దు కుంకినాక మళ్ళీ అట్లాగే. మరుసటి దినం అట్లాగే. ముంతాజ్ బేగం మిరియాల కషాయం కాచింది, తేనె నాకించింది, గొంతుకు గుడ్డ చుట్టింది. టీ బంకు దగ్గర లారీ డ్రైవర్లు ఆయన గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్ళు. మసీదులో ముందు వరసలోని వాళ్ళు తలలు వంచుకునేవాళ్ళు. నవ్వు ఆపుకోవడానికో, బాధకో తెలిసేది కాదు.

"మిషన్లో ఏదో ఉండాది. అర్మాన్‌కి చెప్పు," అంది ముంతాజ్ బేగం ఒక రోజు, మేము ముగ్గురం అంగడి ముందు ఉండగా.

"మిషను బాగానే ఉండాది. నీ అరుపులన్నీ వినపడతా ఉండాయి గదా."

"నా అరుపులు వినపడేదానికి మిషను కావాల్నా? నెల్లూరుకు వినపడతాయి!"

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ రోజు సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయాడు. దారం ఎక్కలేదు.

ఇంకొన్ని దినాలకు, మధ్యాహ్నం నమాజు అయ్యాక, వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు లారీలను చూస్తూ ఉన్నాడు.

"అన్నా, నువ్వు నానా పుస్తకాలు చదువుతావు. ఒకటడుగుతా. దేవుడు మనిషికి ఏదన్నా చెప్పాలనుకుంటే ఎట్టా చెప్తాడంటావు?"

"ఏమైంది బాషా?"

"ఈ చెవిలో లారీ వినపడతాది. కాకి వినపడతాది. ఇంట్లో గిన్నె కింద పెడితే వినపడతాది. మైకు ముందర నిలబడి, చెయ్యెత్తి, ఆయన పేరెత్తుతానా, మొదటి మాట కాగానే తలుపేసినట్టు అంతా ఆగిపోతాది. నా గొంతు నాకు వినపడదు. ఎక్కడుండానో తెలీదు. ముగించి, కిందికి దిగొచ్చి, చెవి సర్దుకుంటే మళ్ళా లోకమంతా వచ్చేస్తాది. ఐదు పూటలా ఇంతే. ఆ ఒక్క పనికే."

"అంగడికి తీసుకుపోయి చూపించరాదా?"

"చూపించేదానికేముందన్నా?" ఆయన నా వైపు తిరిగాడు. "మిషనుకు నమాజు వేళలు తెలుస్తాయా?"

రోజుకు ఐదుసార్లు ఆయన వేళ్ళు చెవులకు ఆనించడం వీధి మొత్తం చూస్తూనే ఉంది. ఎప్పుడూ కళ్ళ ముందు ఉండేది ఒక రోజుకు కనపడకుండా పోతుంది. ఆ వేళ్ళు కూడా అట్లాగే పోయాయి.

"అయినా నువ్వేం తప్పు చేశావని?" అన్నాను.

"వెతికితే మనిషికి తప్పులు కరువా? బూరుగు దూదని చెప్పి మిల్లు దూది కలిపిన పరుపులు లేవా? అవి జేసి చాన్నాళ్ళయింది. అప్పుడు మూయనోడు ఇప్పుడెందుకు మూస్తాడు?" చొక్కాకు అంటిన దూదిపోగు దులిపాడు. "తప్పు కోసం గాదేమో అన్నా. చాలు ఖాదరూ, విన్నాను, ఇంక గమ్మునుండు అంటుండాడేమో."

ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, లారీ పోతూ ఉంటే నేను పెదవులు చూసి పోల్చుకున్నాను.

శుక్రవారం నమాజు అయినాక మసీదు పెత్తనం చూసే ముతవల్లి గౌస్ మొహిద్దీన్ దగ్గరికి పోయి మైకు పెట్టె తాళంచెవి ఇచ్చేశాడు. గౌస్‌కు బస్టాండు దగ్గర టైర్ల అంగడి. మంచివాడు. ఆయనే తర్వాత నాతో చెప్పాడు.

"మిమ్మల్ని ఎవరన్నా ఏమన్నా అన్నారా బాషా మామా? చెప్పండి, నేను చూసుకుంటా."

"ఎవరూ అనలేదు నాయనా. అనాల్సినోడే అన్నాడు."

గౌస్‌కు అర్థం కాలేదు. వయసు మీదపడిందనుకున్నాడు. ఇంకొకరిని చూద్దామంటే మసీదుకు వచ్చే పడుచువాళ్ళంతా రేవులోనో కరెంటు ప్లాంటులోనో షిఫ్టు పనివాళ్ళు. పొద్దున ఉన్నవాడు సాయంత్రం ఉండడు. ఐదు పూటలా ఊళ్ళో నిలిచే మనిషి దొరకలేదు. చివరికి నెల్లూరు నుంచి అజాన్ గడియారం తెచ్చి గోడకు తగిలించి మైకుకు కలిపాడు. వేళ కాగానే దాని మీద చిన్న పచ్చదీపం వెలుగుతుంది. ఏ ఊరివాడిదో, ఎప్పుడు చెప్పిందో తెలియని ఒక గొంతు నిదానంగా సాగదీసి పలుకుతుంది. చక్కటి గొంతు. జలుబు చేయదు, ఊపిరి తీసుకోదు, వానకూ ఎండకూ ఒకటే తీరు.

"బాగానే ఉండాది," అంది మహాలక్ష్మి. "అయితే వీధిలో మనిషి మాదిరి లేదు. సినిమాకు ముందు వచ్చేదాని మాదిరి ఉండాది." ఆమె ఇప్పుడు ఫోనులో టైము చూసి పిండి కలుపుతోంది.

ఖాదర్ బాషా నమాజుకు పోవడం మానలేదు. కానీ ఎప్పుడూ ముందు వరసలో నిలబడే మనిషి, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ఆఖరి వరసలో నిలబడుతున్నాడు. అంగడి తెరిచేవాడు గానీ మిషను వేసేవాడు కాదు. ఎవరైనా పాత దిండ్లు తెస్తే, "వచ్చేవారం చూద్దాం," అనేవాడు. నాతో మాటలు తగ్గాయి. నేను పేజీ తిప్పినప్పుడు మాత్రం ఒకసారి తలెత్తి చూసేవాడు.

సంగతి బయటపెట్టింది కోడలు షమా. మామ అరుగు మీద కూర్చుని, చెవిని అరచేతికి ఆనించి, తల బరువంతా చేతి మీద వేసి ఉన్నాడట. అన్నానికి పిలిచింది. పలకలేదు. చెయ్యి తీసేశాడు, అయినా పలకలేదు. భుజం తట్టింది. ఉలిక్కిపడి చెవిలో వేలు పెట్టి సర్దుకుని, "ఏందమ్మా?" అన్నాడు. ఆ పిల్లకు అనుమానం వచ్చింది. మిషను ఇమ్మని అడిగి తన చెవిలో పెట్టుకుంది, వేలితో అదిమింది. కుయ్యిమంది, ఆగిపోయింది. మళ్ళీ అదిమింది, మోగింది.

"ఏమయ్యా, ఇది అదిమితే ఆగిపోతా ఉండాది, నీకు తెలుసా?" అని లోపలున్న అర్మాన్‌ను పిలిచింది.

"ఆఁ, నిద్రపోతాదని ఆ అంగడి అమ్మాయి చెప్పింది."

"చెప్పింది సరే. నువ్వెవరికి చెప్పినావు?"

అర్మాన్ గడపలో నిలబడిపోయాడట. ఖాదర్ బాషా చెవిలో అప్పుడు మిషను లేదు. కానీ కొడుకు ముఖం చూశాడు, కోడలి వేలు చూశాడు, తన వేలు చూసుకున్నాడు. ఎవరూ ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. అర్మాన్ ఆ పూటే ఫోనులో ఏదో తిప్పి తాకుడు పని చేయకుండా ఆపేశాడు.

"ఇంక ఎంత అదిమినా ఏమీ కాదు నాయనా. ఆపాలంటే నా ఫోన్లోంచి ఆపాల్సిందే," అని తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. కొడుకు ఏడ్చాడని ముంతాజ్ బేగం చెప్పింది.

మరునాడు ఖాదర్ బాషా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. నాకు సంతోషం కలిగింది.

"మంచిదే గదా బాషా! నువ్వనుకున్నదేమీ కాదు. మళ్ళీ నువ్వే చెప్పొచ్చు."

"మంచిదే," అన్నాడు. మెట్టు మీది నల్లటి నుసిని వేలితో గీశాడు.

"అన్నా, కోపంగానన్నా నాతో మాట్లాడినాడనుకుంటి. అన్నేళ్ళు నేను పిలిచినా. ఒక్కసారి ఆయన పలికినాడనుకుంటి. చాలు అన్నాడు, సరే, అదన్నా అన్నాడు గదా అని దాన్ని పట్టుకొని ఏడిస్తి. ఇప్పుడు చూస్తే ఎవరూ ఏమీ అనలేదు. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. నా వేలు, నా చెవి. అంతే."

నేను పుస్తకం వైపు చూశాను. అందులో ఆ మాటకు సరిపడేది ఏమీ లేదు.

గౌస్ మొహిద్దీన్ కూడా వచ్చాడు. అంగడి ముందు బండి ఆపి, దిగకుండానే, "తెలిసింది మామా. రేపటినుంచి రండి. ఆ గడియారం తీసి పక్కన పడేస్తా," అన్నాడు.

"వద్దు నాయనా. ఇచ్చేసినాను."

"తాళంచెవే గదా మామా, నా జేబులోనే ఉండాది."

"నీకు గాదు, ఆయనకి ఇచ్చినా. పొరపాటున ఇచ్చినా, తిరిగియ్యి అని అడగమంటావా?"

"ఆయనేమీ అనుకోడు మామా."

"అది నీకెట్టా తెలుసు?" అన్నాడు ఖాదర్ బాషా. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. "నాకు తెలిసిందనుకునే గదా ఇంత జరిగింది."

గౌస్ బండి స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ స్టార్టు చేసి వెళ్ళిపోయాడు.

తర్వాత వానలు వచ్చాయి. సముద్రంలో వాయుగుండం పట్టి, రేవులో పనులు ఆపేశారు. లారీలు లేవు. వీధిలో నుసి అంతా నల్లటి నీళ్ళయి కాలవలోకి పోతోంది. ఈదురుగాలికి మా తిన్నె మీద జల్లు కొడుతుంటే కుర్చీ గోడ వారకు లాక్కుని కూర్చున్నాను. షిఫ్టులు లేని పడుచువాళ్ళంతా ఇండ్లలోనే ఉన్నారు కాబట్టి అసర్‌కు మసీదు నిండింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఎదురు వసారాలో గౌస్, ఇంకొందరు నిలబడి లోపలి గోడ వైపు చూస్తున్నారు. గడియారం బ్యాటరీతో నడుస్తుంది, మైకుకే కరెంటు కావాలి. వేళయితే పచ్చదీపం వెలుగుతుంది, గొంతు మాత్రం బయటికి రాదు.

"దీపం వెలిగింది," అన్నాడు ఎవరో. "లోపల్లోపల చెప్పుకుంటుండాది."

ఒకరిద్దరు నవ్వారు. గౌస్ వెనక్కి తిరిగి, చెప్పుల దగ్గర గోడకు ఆనుకున్న ఖాదర్ బాషాను చూశాడు.

"బాషా మామా, వేళైంది."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మామా, ఇంతమందిమి ఉండాం, ఒక్కడికీ ఆ గొంతు లేదు. మీరు లేవకుంటే ఈపూట పిలుపు లేనట్టే."

పాత మౌజన్ సాహెబు పోయిన రోజున కూడా ఇట్లాగే జరిగి ఉంటుంది. ఖాదర్ బాషా గోడ పట్టుకుని లేచాడు. వసారా అంచుకు వచ్చి, పడమటి వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. అవి ఆయనవి కానట్టు ఉన్నాయి.

మొదటి మాట వాన చప్పుడులో కలిసిపోయింది. మైకు లేదు, చేతులు ఎత్తలేదు. గొంతు ఎక్కడ నిలబడాలో తెలియక తచ్చాడింది. రెండో మాటకు చేతులు వాటంతట అవే లేచాయి. భుజాల దాకా వచ్చి ఆగాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు మెల్లగా, కాలే పెనాన్ని తాకబోతున్నట్టు, చెవులకు ఆనాయి.

ఏమీ మూసుకోలేదు. అది ఆయన ముఖంలో కనపడింది. వేళ్ళు ఇంకాస్త అదిమాడు. తర్వాతి మాటకు గొంతు ఆ నరం మోతను పట్టుకుంది. పట్టుకుని నిలబడింది. వాన మీదుగా, ఖాళీ రోడ్డు మీదుగా, తొణక్కుండా వచ్చింది. నెలల తర్వాత ఆ గొంతు వినడం నాకు. ఆయనకు కూడా అంతే.

మహాలక్ష్మి నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని వీధిలోకి వచ్చేసింది. "వచ్చిందే! బాషన్న గొంతు వచ్చిందే!" అని నా వైపు చూసి చేయి ఊపింది.

ఇంక ఆఖరి మాటలే మిగిలాయి. ఆయన ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు వసారాలో లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. మీనారు మీది మైకు ఒక్కసారి గురగురమని, ఆ వేరే ఊరి గొంతును వాక్యం మధ్యలోంచి వీధిలో కుమ్మరించింది. అవే మాటలు. ఆయన నోట్లో ఉన్న మాటలే. ఖాదర్ బాషా ఒక మాట దానితో పాటు అన్నాడు. అది మాలో ఎవరికీ వినపడలేదు. గౌస్ లోపలికి పరిగెత్తాడు. అతను స్విచ్చు దగ్గరికి పోయేలోపే పిలుపు పూర్తయిపోయింది. చక్కగా, ఎక్కడా తొణక్కుండా.

ఖాదర్ బాషా నోరు తెరిచే ఉంది. ఎడమ చెయ్యి కిందికి జారింది. కుడి వేలు మాత్రం చెవి మీదే ఉంది. ఆ వేలితో అదిమాడు. ఆగి, ఇంకోసారి గట్టిగా అదిమాడు. ఏమీ కాలేదు. అర్మాన్ ఫోనులో ఆపేశాడు గదా, ఎంత అదిమినా ఏమీ కాదు. మిషనునే ఊడదీయొచ్చని ఆయనకు తోచలేదు. వేలు చెవి వెనక్కి పోయింది. పాత బటన్ ఉండే చోట గోటితో ఒకసారి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అక్కడ చర్మం తప్ప ఏమీ లేదు.

"మామా, తప్పయిపోయింది, కరెంటు వస్తాదనుకోలేదు," అంటున్నాడు గౌస్.

"వినపడతుండాది నాయనా," అన్నాడు ఖాదర్ బాషా. "అంతా వినపడతుండాది."

వరసలు కట్టారు. ఆయన వెనక్కి నడిచి, చెప్పులు విడిచే చోట, ఆఖరి వరసలో నిలబడ్డాడు. మహాలక్ష్మి ఇంకా వానలోనే ఉంది. ఏ గొంతుకు పిండి కలపాలో తెలియనట్టు కాసేపు నిలబడి, ఫోను తీసి టైము చూసుకుని, అంగడిలోకి వెళ్ళింది.